లియోన్సియో పథ్యం

లియోన్సియో పదకొండేళ్ళపాటు అడవిలో అడుగు పెట్టలేదు. మా ఊళ్ళో పుట్టినవాడికి అది కుదిరే పని కాదు. ఊరికి మూడు వైపులా అడవే, నాలుగో వైపు ఉకయాలి నది. కప్పుకి ఆకు కావాలన్నా, పొయ్యిలోకి పుల్ల కావాలన్నా, పిల్లకి జ్వరమొస్తే బెరడు కావాలన్నా అడవిలోకే పోవాలి. లియోన్సియో చేపలు పట్టి మాకిచ్చేవాడు, మేం ఆయనకి పుల్లలూ ఆకూ తెచ్చిపెట్టేవాళ్ళం. పక్కిల్లు మాది. నేను ఊరి బడిలో పాఠాలు చెబుతాను. ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు కానీ మాకు రక్తసంబంధం ఏమీ లేదు.

ఊళ్ళో కుర్రాళ్ళు ఆయనకి నీటికుక్క అని పేరు పెట్టారు. మొహం మీదే అనేవాళ్ళు. ఆయన కోప్పడకుండా పళ్ళు బయటపెట్టి, నీటికుక్కలాగే బుసకొట్టి నవ్వించేవాడు. కానీ ఎక్కణ్ణుంచైనా మోటారు రంపం చప్పుడు వినిపిస్తే చేతిలో ఉన్నది కింద పెట్టేసి, ఆ చప్పుడు ఆగేదాకా నీళ్ళలోకి చూస్తూ కూచునేవాడు.

దానికి కారణం మాకు తెలుసనే అనుకునేవాళ్ళం. పదకొండేళ్ళ కిందట ఆయనా, ఎవారిస్తో అనే ఆయన తమ్ముడూ కలప కొట్టే పనికి పోయారు. ఒక కపిరోనా చెట్టుని కోస్తుండగా, దానితో తీగలు పెనవేసుకున్న పక్క చెట్టు నుంచి ఎండుకొమ్మ విరిగి ఎవారిస్తో మీద పడింది. అక్కడికక్కడే పోయాడు. "చెప్పకుండా చెట్టు కిందికి వచ్చేశాడు. నేను చూడలేదు" అన్నాడు లియోన్సియో, శవాన్ని పడవలో తెచ్చిన రోజు. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఎవారిస్తో భార్య నెలీదాకి అప్పటికి ఇరవై రెండేళ్ళు. చంకలో పది నెలల కూతురు మెర్లీతా. నెలీదా నెల రోజులు ఏడ్చింది. ఆ తర్వాత ఆమెకి కోపం పట్టుకుంది, మొగుడి మీద. "కోస్తున్న చెట్టు కిందికి ఎవడైనా పోతాడా? కోడిపిల్లకున్న బుద్ధయినా ఉంటే పోతాడా?" కుండలు చేస్తూ తిట్టేది, చేపలు తోముతూ తిట్టేది. మెర్లీతా ఆ తిట్లు వింటూనే పెరిగింది. ఒకసారి బడిలో ఇంట్లోవాళ్ళ గురించి రాయమంటే తండ్రి గురించి ఒకే వాక్యం రాసింది. 'మా నాన్న చెప్పిన మాట వినేవాడు కాదు.'

లియోన్సియో బతుకుతెరువు పడవ. పుకాల్పా పట్నం నుంచి మనుషుల్ని ఎక్కించుకుని నాలుగు గంటలు నది మీద నడిపి, మా ఊరు దాటాక ఒక చిన్న రేవులో దింపేవాడు. అక్కణ్ణుంచి అరగంట అడవిలో నడిస్తే ఆయన మేనత్త దొమింగా ఉండేది. దొమింగా చెట్ల మందు తెలిసిన మనిషి. మా భాషలో వైద్యుణ్ణి 'తెలిసిన మనిషి' అనే అంటాం. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. తర్వాత దూరదేశాలవాళ్ళు రావడం మొదలైంది. వాళ్ళకి జ్వరాలూ గాయాలూ ఉండవు. దిగులు ఉంటుంది, నిద్ర ఉండదు, ఎందుకు బతుకుతున్నామో తెలియదంటారు. దొమింగా అత్త వాళ్ళచేత ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు మందుతో పథ్యం చేయించేది, కళ్ళముందు ఏవేవో కనబడేలా చేసే తీగ కషాయం తాగించేది, పాటలు పాడేది. లియోన్సియో రేవు దాకానే. సామాను గట్టు మీద పెట్టి పడవ తిప్పుకునేవాడు. రెండు వారాలయ్యాక మళ్ళీ అక్కడికే పోయి ఎక్కించుకునేవాడు.

ఆ రెండు ప్రయాణాల మధ్య తేడా ఆయన్ని తొలిచేసేది. సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూచుని నాకు చెప్పేవాడు.

"చెల్లెమ్మా, పోయేటప్పుడు ఆ మనిషి నాలుగు గంటల్లో నాలుగు మాటలు మాట్లాడలేదు. ఇవాళ వచ్చేటప్పుడు కొంగ కనబడితే చాలు, ఇదేం పిట్ట, ఇదేం పిట్ట అని ప్రాణం తీశాడు. ఏం చూశాడంటావు అక్కడ?"

"మీ అత్తనే అడగరాదూ?"

"అడిగా. నువ్వొచ్చి చూసుకో అంటుంది, ముసలిది."

అందరూ అలా తేలికపడి వచ్చేవాళ్ళు కాదు. ఒకాయన పోయినప్పటికంటే కోపంగా వచ్చాడు, పుకాల్పా చేరేదాకా అత్తని తిడుతూనే ఉన్నాడు. ఇంకొకావిడ రేవులో పడవెక్కుతూనే బీరు ఉందా అని అడిగింది. లియోన్సియో అవన్నీ గుర్తుపెట్టుకునేవాడు. మందు ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చెయ్యదు, ఎందుకు చెయ్యదు అని లెక్కలు కట్టేవాడు. ఒక్క లెక్కా తెగేది కాదు.

ఒక వేసవిలో హనేకే అనే ఆవిడ వచ్చింది. హాలండ్‌లో బస్సు నడుపుతుందట. యాభై దాటిన మనిషి, వచ్చీరాని స్పానిష్. పడవలో లియోన్సియో పక్కనే కూచుని మోటారు వంక, చుక్కాని వంక పరీక్షగా చూసింది.

"నువ్వూ డ్రైవరువే, నేనూ డ్రైవర్నే. చివరి స్టాపులో ఏముందో చెప్పు."

"నాకు రేవు వరకే తెలుసమ్మా."

"ఎన్నేళ్ళుగా నడుపుతున్నావు?"

"తొమ్మిదేళ్ళు."

"తొమ్మిదేళ్ళు నడిపి దిగి చూడలేదా?" అని ఆవిడ పగలబడి నవ్వింది. లియోన్సియో కూడా నవ్వాడు కానీ ఆ రాత్రి ఇంటికొచ్చాక ఆ మాట ఆయన్ని తిననివ్వలేదు.

రెండు వారాల తర్వాత తిరుగు ప్రయాణంలో హనేకే అడక్కుండానే చెప్పింది. ఆరేళ్ళ కిందట ఆమె బస్సు కింద సైకిల్ మీద పోతున్న కుర్రాడు పడి చనిపోయాడు. కోర్టు ఆమె తప్పేం లేదంది. మొగుడూ, స్నేహితులూ, డాక్టరూ అందరూ తప్పు నీది కాదన్నారు. ఆమెకి మాత్రం ఆరేళ్ళుగా నిద్ర లేదు.

లియోన్సియో మోటారు ఆపేశాడు. పడవ ప్రవాహంలో దానంతటది కొట్టుకుపోతోంది.

"అత్త ఏమంది? తప్పు నీది కాదనే అందా?"

"లేదు. ఆ రోజు పొద్దున్నుంచీ నువ్వేం చేశావో చెప్పమంది. కాఫీ తాగిన దగ్గర్నుంచి. అలా ఎవరూ అడగలేదు నన్ను. రెండు రోజులు చెప్పాను. ఏడ్చాను. తర్వాత ఉడికించిన అరటికాయ పెట్టింది, ఉప్పు కూడా లేదు." ఆమె నది వంక చూసి, "ఇంత చెత్త తిండి జన్మలో తినలేదు" అంది.

పుకాల్పాలో ఆమెని దింపి వస్తూ లియోన్సియో మా ఊరి దగ్గర ఆగలేదు. నేరుగా అత్త రేవుకి పోయి, పడవ కట్టేసి, గట్టు మీద కూచున్నాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు. లేచి అడవి అంచు దాకా పోవడం, వెనక్కి రావడం. చివరికి నీళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు చెబితే దొమింగా అత్తే దిగి వచ్చింది. నోట్లో చుట్ట, చేతిలో కత్తి.

"ఏరా, రేవుకి కాపలా కాస్తున్నావా?"

"అత్తా, నాకూ పథ్యం పెట్టు."

"పెడతా. కపిరోనా."

లియోన్సియో మొహం పాలిపోయింది. "ఇంత అడవిలో నీకింకో చెట్టు దొరకలేదా?"

"బోలెడున్నాయి. వాటికి నీతో పని లేదు" అని ఆమె వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టింది.

అరగంట దారి వాళ్ళకి మూడు గంటలు పట్టింది. లియోన్సియో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఒకచోట నేల మీద బోర్లా పడుకుని లేవనన్నాడు. అత్త చెయ్యి పట్టుకోలేదు, ఓదార్చలేదు. పది అడుగులు ముందు నిలబడి చుట్ట పీలుస్తూ, ఆయన చిన్నప్పుడు కోతిని చూసి చెట్టు మీంచి ఎలా పడ్డాడో, పడి లేచి కోతి తోసిందని ఎలా అబద్ధమాడాడో చెబుతూ పోయింది. చివర్లో ఆయనకే చిరాకొచ్చి లేచాడు. "కోతి నిజంగానే తోసింది" అన్నాడు.

పథ్యం పన్నెండు రోజులు. ఒక్కడే ఉండే చిన్న పాక, ఎదురుగా ఇరవై అడుగుల్లో కపిరోనా చెట్టు. పొద్దున్నే దాని బెరడు కషాయం ఒక గిన్నెడు. ఉప్పు లేదు, తీపి లేదు, కారం లేదు, కొవ్వు లేదు, ముసలి అత్తది తప్ప ఆడమనిషి గాలి తగలకూడదు. అత్త కోడలు రోజుకోసారి కాల్చిన చిన్న చేపా, ఉడికించిన అరటికాయా దూరంగా పెట్టిపోయేది. అత్త పొద్దునపూట వచ్చి ఒకటే ప్రశ్న అడిగేది. చెట్టు చెప్పాల్సింది ఏదైనా ఉంటే కలలోనే చెబుతుందని మావాళ్ళ నమ్మకం.

"రాత్రి ఏం కల వచ్చింది?"

"చేప."

"ఏం చేసింది?"

"ఉప్పులో ఊరుతోంది."

మొదటి నాలుగు రోజులు ఇంతే. కళ్ళు మూసుకుంటే తిండే. అయిదో రోజు ఇంకేం తోచక ఆయన చెట్టుని చూడ్డం మొదలుపెట్టాడు. కపిరోనా ఏటా తన చర్మం తనే వదిలేస్తుంది. పైపొర ఎర్రగా పలచగా చుట్టలు చుట్టుకుని రాలిపోతుంటే, లోపల్నుంచి పచ్చటి నున్నటి ఒళ్ళు బయటపడుతుంది. ఎర్రటి ఎండలో కూడా ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. "నేను ఇలాంటివి నలభయ్యో యాభయ్యో కోసి ఉంటాను చెల్లెమ్మా" అన్నాడు నాతో తర్వాత, "ఒక్కదాన్నీ ముట్టుకుని చూళ్ళేదు. కోసే ముందు చుట్టుకొలత చూసేవాణ్ణి, అంతే."

ఏడో రోజు చీకటి పడ్డాక అత్త పెద్ద పాకలో తీగ కషాయం పోసింది. తను నిండా తాగింది, ఆయనకి గుక్కెడు ఇచ్చింది. దీపం ఆర్పి, పొగాకు పొగ ఆయన మాడు మీద ఊది, పాట అందుకుంది. దూరదేశాలవాళ్ళు చెప్పిన రంగులూ పాములూ తనకి కనబడతాయనీ, తమ్ముడు కూడా వస్తాడేమోననీ లియోన్సియో ఎదురుచూశాడు. ఏమీ రాలేదు. చెమటలు పట్టాయి, వాంతయింది. అత్త పాట మటుకు వినబడుతూనే ఉంది. నది వంకర తిరిగినట్టు తిరుగుతూ, పైకి లేస్తూ, ఒకచోట తటాలున ఆగిపోయింది. ఆమె మొదట్నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారీ అంతే.

చీకట్లో ఆమె మామూలు గొంతుతో అంది. "నా పాట నడవడం లేదురా. ఇక్కడ నువ్వేదో అడ్డం పెట్టావు."

అత్త రెట్టించి అడగలేదు. దీపం వెలిగించి, ఆయన మొహం కడిగి, పోయి పడుకోమంది.

తెల్లవారాక ఆయనే అత్త పొయ్యి దగ్గరికి వచ్చాడు. ఆమె అరటికాయలు చెక్కు తీస్తోంది. నిలబడే చెప్పాడు. ఆ రోజు పొద్దున తనకీ తమ్ముడికీ గొడవైంది. రంపం పదును పెట్టే ఆకురాయి ఎవారిస్తో గుడారంలో మర్చిపోయి వచ్చాడు. వెనక్కి పంపి తెప్పించినా కోపం చల్లారలేదు. చెట్టు సగం కోశాక రంపం మొద్దుబారింది. ఎవారిస్తో ఉండాల్సిన చోటే, దూరంగా, సరిగ్గానే ఉన్నాడు. లియోన్సియో తల ఎత్తి పైకి చూడకుండా అరిచాడు. "ఆకురాయి పట్రా, బద్ధకం వెధవా, పరిగెత్తు!"

"వాడు చెప్పకుండా రాలేదత్తా. నేను పిలిస్తే వచ్చాడు."

అత్త ఇంకో అరటికాయ తీసుకుంది. ఆశ్చర్యపోయినట్టు కనబడలేదు. "నాకెందుకు చెబుతున్నావు? పోయింది నా మొగుడా?"

"మరి..."

"పథ్యం ఇంకా అయిదు రోజులుంది. పూర్తిచెయ్యి. మధ్యలో పోతే చెట్టు ఊరుకోదు. అయ్యాక నెలీదా దగ్గరికి పో."

ఆ అయిదు రోజులూ కషాయం కంటే చేదుగా గడిచాయని చెప్పాడు నాతో. చివరి రోజు అత్త ఆయన నాలిక మీద నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి పథ్యం విప్పింది. వెళ్ళేటప్పుడు దారి తోడు రాలేదు. ఆయన ఒక్కడే నడిచాడు. రంపాల చప్పుడు ఎక్కడో వినిపించిందట. ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్ళీ నడిచాడు.

నెలీదా ఆ రోజు మా చూరు కింద పెద్ద కుండ చేస్తోంది. పచ్చి మట్టి, ఇంకా అంచు కట్టలేదు. నేను పక్కనే కూచుని పిల్లల పుస్తకాలు దిద్దుతున్నాను. లియోన్సియో వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూచుని, అత్తకి చెప్పినట్టే చెప్పాడు.

నెలీదా చేతులు ఆగిపోయాయి. "ఇంకోసారి చెప్పు బావా."

చెప్పాడు.

"పిలిచావా?"

"పిలిచాను."

"పదకొండేళ్ళు ఆయన్ని నాచేత తిట్టించావు." ఆమె గొంతు పెంచలేదు. "పిల్లచేత కూడా ఆ మాటే అనిపించాను. కూచుని విన్నావు. మా ఇంట్లో తిని, విన్నావు."

ఆమె రెండు చేతులతో పచ్చి కుండని నొక్కేసింది. అది ముద్దయిపోయేదాకా నొక్కి, మట్టి చేతులతోనే లేచి వెళ్ళిపోయింది.

వానాకాలమంతా ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఆయన పంపిన చేపలు తిప్పి పంపేసింది. ఊరు రెండుగా చీలి వాదించుకుంది. చెప్పడం మంచిదేనని కొందరు, ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు కెలకాలని కొందరు. మెర్లీతా మాత్రం ఒకరోజు బడి నుంచి నేరుగా రేవుకి పోయింది. ఆయన పడవలోంచి నీళ్ళు తోడుతున్నాడు.

"పెదనాన్నా, నాన్న ఆకురాయి తెచ్చాడా?"

"తెచ్చాడమ్మా. చేతిలోనే ఉంది."

"పరిగెత్తుకుంటూ వచ్చాడా?"

"పరిగెత్తుకుంటూ వచ్చాడు."

"అయితే మాట విన్నాడు" అంది ఆ పిల్ల. ఇంటికి పోయి తల్లికి అదే చెప్పింది. ఆ రోజు నుంచి నెలీదా నోట మొగుణ్ణి తిట్టిన మాట నేను వినలేదు. బావని తిట్టిన మాటలు బాగానే విన్నాను.

ఆ వానల్లోనే అత్త కోడలు నెల తప్పింది. కడుపుతో ఉన్న మనిషి పథ్యం చేసేవాళ్ళ వంట ముట్టకూడదు. అత్త లియోన్సియోకి కబురు పెట్టింది. "నువ్వు వండు."

"నాకు వంట రాదత్తా."

"ఉప్పు లేని వంటకి రావడమేంటి? కాల్చు, ఉడికించు."

అలా మొదలైంది. పడవ మేనల్లుడికి అప్పగించి ఆయన అక్కడే ఉండిపోయాడు. నాలుగు పూటలకే తెలిసిందట, ఉప్పు లేని తిండి వండడం అత్త చెప్పినంత తేలిక కాదని. ఏ చేప ఉప్పు లేకున్నా చప్పగా ఉండదో వెతికాడు. అరటికాయ తొక్కతోనే నిప్పుల్లో కప్పెడితే దానికో రుచి వస్తుందని కనిపెట్టాడు. ఏ ఆకులో చుట్టి కాలిస్తే మంచి వాసన పడుతుందో, ఏ ఆకు పథ్యానికి విరుద్ధమో అత్తని పదిసార్లు అడిగి విసిగించాడు. ఆకుల కోసం తనే అడవిలోకి పోతాడు ఇప్పుడు. తిండి గిన్నె పాక ముందు పెట్టి, లోపలున్న మనిషి మాట్లాడాలనుకుంటే కాసేపు నిలబడతాడు, లేకపోతే వచ్చేస్తాడు.

నేనొకసారి అత్తని అడిగాను. లియోన్సియోకి నయం చేసింది చెట్టా, తీగా, పాటా అని. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "బడి పంతులమ్మవి, నీకన్నీ విడివిడిగా కావాలి" అంది. ఆ తర్వాత చుట్ట వెలిగించుకుని, "చెట్టు వాణ్ణి కూచోబెట్టింది. తక్కింది నాకూ తెలీదు" అంది. లియోన్సియోని అడిగితే ఆయన లెక్కలు కట్టడం మానలేదు. ఒకరోజు పాట అంటాడు, ఇంకోరోజు కాదు కాదు, ఉప్పు మానడమే అంటాడు.

ఎండలు వచ్చాక ఒక పొద్దున నెలీదా చిన్న మూట పట్టుకుని అత్త రేవులో దిగింది. నిద్ర పట్టడం లేదంది. అత్త ఆమెకి ఏటి ఒడ్డున పెరిగే పొదమందు ఒకటి పథ్యంగా పెట్టింది. లియోన్సియో రోజూ తిండి తీసుకుపోయి, మొహం చూపించకుండా పాక ముందు పెట్టి వచ్చేవాడు. మూడో రోజు లోపల్నుంచి గొంతు వినిపించింది.

"అరటికాయ మాడింది."

"రేపు చూసి కాలుస్తాను."

"చేప మీద పొలుసుంది."

"తీసి తెస్తాను."

ఆయన వెనక్కి తిరిగాడు. "బావా, ఆగు" అంది నెలీదా. గుమ్మం దగ్గరికి వచ్చి, ఆయన మొహం చూడకుండా చేప ముల్లు తీస్తూ కూచుంది. "ఆ రోజు నాకు సరిగా చెప్పలేదు నువ్వు. పొద్దున్నుంచి చెప్పు. లేవగానే ఏం చేశాడు?"

లియోన్సియో అక్కడే చెట్టు మొద్దు మీద కూచున్నాడు. తమ్ముడు తనకంటే ముందు లేచాడనీ, రాత్రి వానకి తడిసిన పుల్లల్ని ఊది ఊది కళ్ళు ఎర్రగా చేసుకున్నాడనీ చెప్పాడు. మిగిలిన చేపల చారులో అరటికాయ నలిపి వేడి చేశాడు. తాగుతూ తాగుతూ, కూతురికి రెండు పళ్ళొచ్చాయని, అవి చూడ్డానికి ఆదివారం ఇంటికి పోతానని అన్నాడు.

"నాలుగు" అంది నెలీదా. "అప్పటికి నాలుగొచ్చాయి. ఆయనకి తెలీదు. తర్వాత?"

లియోన్సియో చెబుతూనే ఉన్నాడు. ఆమె అడుగుతూనే ఉంది.